పాదరసం చూసిన ఊళ్లో నాలుగు రోజులు

ఆ రోజు అతను క్లినిక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టలేకపోయాడు. పెన్ను పట్టుకున్నాడు. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి వణికి గీత పక్క గడిలోకి పోయింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అంతే. సిగ్గుపడుతూ నవ్వాడు.

"నిద్ర లేదక్కా, గందుకే" అన్నాడు.

అప్పటికి నేను ఒమాన్ వచ్చి పదకొండేళ్లయింది. మాది గోదావరి జిల్లా. మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదువుకున్నాను. మస్కట్ శివార్లలో, అల్ హైల్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీ వాళ్ల లేబర్ క్యాంపు క్లినిక్‌లో పనిచేసేదాన్ని. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజుల్లో కోసుకున్న వేళ్లూ, కడుపునొప్పులూ, బీపీలూ అన్నీ నేనే చూసుకోవాలి. క్యాంపులో సగం మంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. నన్ను సిస్టర్ అనేవాళ్లు కొందరు, అక్కా అనేవాళ్లు ఎక్కువమంది.

ఇతనికి నలభై దాటి ఉంటాయి. కంపెనీ పాత ఇనుము యార్డులో గ్యాస్ కట్టర్‌తో కోసే పని. అంతకుముందు ఎన్నడూ క్లినిక్ గడప తొక్కని మనిషి. ఆ నెలలో మూడోసారి వచ్చాడు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందన్నాడు. తిండి సహించట్లేదన్నాడు. రూమ్‌లో వాళ్లతో ఊరికే గొడవపడుతున్నాడని అతని వెంట వచ్చినాయన చెప్పాడు. నేను నోరు తెరవమని చూస్తుంటే, చెయ్యి చాపి వేలి ఉంగరం చూపించాడు.

"మా ఊరి అవుసులాయన మోసం జేసిండక్కా. ఆయన జేసిచ్చిన పెండ్లినాటి ఉంగురం. బంగారమన్నడు. చూడు, తెల్లగైతున్నది. మొన్న ఫోన్ల మస్తు తిట్టిన."

ఉంగరం ఒకపక్క పచ్చగానే ఉంది. రెండోపక్క వెండిపూత పూసినట్టు తెల్లగా, మసకగా ఉంది. నర్సింగ్ మొదటి ఏడాదిలో ఒకసారి వార్డులో థర్మామీటరు జారవిడిచి పగలగొట్టాను. నేల మీద పాదరసం పూసల్లా పరిగెత్తింది. దాన్ని ఎత్తడానికి నేను వంగగానే మా ట్యూటర్ గట్టిగా అరిచింది: "ముందు ఉంగరం తియ్యి! బంగారాన్ని తినేస్తుంది అది."

"మీరు కోసే ఇనుము ఎక్కణ్నుంచి వస్తుంది?" అని అడిగాను.

"గ్యాస్ ప్లాంట్లల్ల వాడిన పాత సామానంట. పైపులు, పెద్ద పెద్ద డబ్బాలు. కోస్తుంటే లోపటికెల్లి ఒక్కోపారి వెండి గుండ్ల లెక్క రాలుతయి. మేం చీపురుతోటి ఊడ్చి పడేస్తం."

మంటతో కోస్తున్నారు. ఆ గుండ్లు పాదరసమే. మంటకి కొన్ని ఆవిరై ఊపిరిలోకి పోతాయి. వీళ్ల ముఖాలకు కాగితం మాస్కులు.

మర్నాడు డాక్టరు వచ్చినప్పుడు ఉంగరం సంగతి చెప్పాను. ఆయన ఆ యార్డులో కటింగ్ చేసే ఏడుగురికీ మూత్ర పరీక్ష ఫారాలు రాసి సంతకం పెట్టారు. శాంపిల్స్ బయట ల్యాబ్‌కి వెళ్లాయి. రిపోర్టుకి పది రోజులు పడుతుందన్నారు.

సరిగ్గా ఆ పది రోజుల్లోనే నా జపాన్ ప్రయాణం పడింది.

మా కంపెనీ పనిచేసే పెద్ద ప్రాజెక్టు వాళ్లు, కాంట్రాక్టర్ల దగ్గర ఆరోగ్యం, భద్రత చూసేవాళ్లను కొందరిని శిక్షణకు పంపుతున్నారు. దక్షిణ జపాన్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్టణం. ఒకప్పుడు అక్కడి ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపల్లోకి ఎక్కి, ఆ చేపలు తిన్న మనుషుల నరాల్ని తినేసింది. ఇప్పుడా ఊరు కోలుకుంది. ఎలా కోలుకుందో చూపిస్తారట. డాక్టరుకి వీసా అందలేదు. ఆయన బదులు నన్ను పంపారు. మస్కట్‌లోనే అజైబాలో ఉన్న మా ఆఫీసు నుంచి సేఫ్టీ మేనేజరు నాతో వచ్చారు. గుంటూరు ఆయన. నాకన్నా పెద్దవారు, మర్యాదస్తుడు. ఏ సైట్‌కి ఏ పని సురక్షితమో సంతకం పెట్టేది ఆయనే.

మస్కట్ విమానాశ్రయంలో బోర్డింగ్ కోసం కూర్చున్నప్పుడు, దాచడం ఇష్టంలేక, శాంపిల్స్ పంపిన విషయం ఆయనకు చెప్పాను. కాఫీ కప్పు కింద పెట్టేశారు.

"ఎవరు పంపమన్నారు సిస్టర్?"

"డాక్టరుగారు సంతకం పెట్టారు సార్."

"డాక్టరు సరే. నాకెందుకు చెప్పలేదు?"

"ఇప్పుడు చెప్తున్నాను కదండీ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "రిపోర్టు వస్తే ముందు నాకు చూపించండి. నేను చూసేదాకా ఎవరికీ పంపకండి. అర్థమైందా?"

తలూపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు. విమానంలో అంతసేపూ ఆ తలూపడమే గుర్తొస్తూ ఉంది.

ఆ పట్టణం చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఎంత చక్కగా ఉందో. ఒకే పెట్టె ఉన్న రైలు, కొండవాలు నిండా నారింజ తోటలు, చిన్న చిన్న ఇళ్లు. సముద్రం తేటగా, అడుగున రాళ్లు కనిపించేంత శుభ్రంగా ఉంది. చెత్తను రకరకాలుగా విడదీసి పెడుతున్నారు. సీసాలు రంగుల వారీగా, డబ్బాలు వేరే. ముసలివాళ్లు చేతి తొడుగులు వేసుకుని నిలబడి, పక్కింటివాళ్ల సంచీలు కూడా సర్దుతున్నారు. "మా ఊరి పేరు చెబితే బయటి వాళ్లు మొహం తిప్పుకునేవారు. అందుకే మేం అందరికన్నా శుభ్రంగా ఉండాలనుకున్నాం" అని మా దుబాసీ చెప్పింది. ఆమె ఆ ఊరి ఆడపిల్లే, ఇంగ్లీషు టీచరు. పెళ్లి సంబంధాల్లో సొంత ఊరి పేరు దాచిన రోజులు తన తల్లికి తెలుసునట.

మా మేనేజరుగారు అన్నీ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను గంటకోసారి ఫోన్ తీసి క్లినిక్ మెయిల్ చూస్తున్నాను. ఏమీ లేదు. ఆయన నన్ను చూస్తున్నారని నాకు తెలుసు.

రెండో రోజు పొద్దున మమ్మల్ని కొండ మీదున్న మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడొక చిన్న గదిలో కుర్చీలు వేశారు. ఆ జబ్బు చూసినవాళ్లు వచ్చి తమ కథ తామే చెబుతారట. ఆ రోజు వచ్చింది ఒక ముసలావిడ. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో అదిమి పట్టుకుని కూర్చుంది. అదిమి పట్టుకున్నా అవి కదులుతూనే ఉన్నాయి.

వాళ్ల నాన్న చేపలు పట్టేవాడు. అన్నయ్య ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె చిన్నప్పుడు అమ్మకు చేతులు వంకర్లు పోయాయి. మాట పోయింది. అన్నం గిన్నె పట్టుకోలేకపోయింది. అన్నయ్య ఏం చేశాడంటే, అమ్మను వెనకగదిలో పడుకోబెట్టి తలుపు వేశాడు. ఎవరైనా అడిగితే ఒంట్లో నలతగా ఉందని చెప్పమన్నాడు. ఫ్యాక్టరీ మీద మాట పడితే ఉద్యోగం పోతుంది. చేప మీద మాట పడితే నాన్న చేప కొనేవాడుండడు. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఫ్యాక్టరీ అన్నం తినేవాళ్లే. జబ్బు పడ్డవాళ్లనే అందరూ తిట్టారు. ఆమెకూ వేళ్లు మొద్దుబారడం మొదలైతే, అన్నయ్య రిటైరయ్యేదాకా ఆమె కూడా నోరు మెదపలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను చెయ్యెత్తాను. పక్కనున్న మేనేజరుగారు కుర్చీలో కదిలారు.

"ఆ రోజుల్లో మీ ఇంటికి డాక్టరో నర్సో ఎవరైనా వచ్చేవారా?" అని అడిగాను.

దుబాసీ ఆమె చెవి దగ్గర వంగి చెప్పింది. ముసలావిడ నా వైపు చూసింది. నేను నర్సునని అంతకుముందే పరిచయం చేశారు.

"ఒక నర్సు వచ్చేది. మా అమ్మ చేతులు నిమిరేది. ఏడ్చేది. మాకు మిఠాయి తెచ్చేది. చాలా మంచిది" అని దుబాసీ ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెబుతోంది. కాస్త ఆగింది. "కానీ తను చూసింది ఎవరికీ రాసి ఇవ్వలేదు. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, అంటున్నారు."

నేను నోట్‌బుక్ మూసేశాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక సముద్రం ఒడ్డుకు నడిపించారు. ఒకప్పుడు అది సముద్రమేనట. విషపు బురద తోడి పూడ్చి, పైన మట్టిపోసి, గడ్డి పెంచారు. పచ్చటి మైదానం చివర, నీళ్ల వైపు తిరిగి, చనిపోయినవాళ్ల గుర్తుగా చేత్తో చెక్కిన చిన్న చిన్న రాతిబొమ్మలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య నడుస్తుండగా చేతిలో ఫోన్ వణికింది. అక్కడ రెండు. మస్కట్‌లో పొద్దున తొమ్మిది.

ల్యాబ్ నుంచి మెయిల్. ఏడు పేర్లు. ఐదింటి పక్కన ఎర్ర గుర్తు. ఇద్దరివి కొంచెం ఎక్కువ, ఇద్దరివి బాగా ఎక్కువ. ఉంగరం మనిషిది చూసి, తప్పు అచ్చు వేశారేమోనని మళ్లీ చదివాను.

మేనేజరుగారు అప్పటికే నా పక్కన ఉన్నారు. "వచ్చిందా?" అన్నారు. ఫోన్ ఇచ్చాను. చదువుతుంటే ఆయన మొహం పాలిపోయింది.

"ఇది ఎవరికీ పంపకండి" అన్నారు ఫోన్ తిరిగిస్తూ. "ఎల్లుండి బయలుదేరుతున్నాం. వెళ్లాక నేను స్వయంగా చూసుకుంటాను."

"వెళ్లేసరికి నాలుగు రోజులవుతుంది సార్. ఈ నాలుగు రోజులూ వాళ్లు కోస్తూనే ఉంటారు."

"నెలల తరబడి కోశారు. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది?"

ఆ మాట అన్నాక ఆయన నా కళ్లలోకి చూడలేదు. చుట్టూ ఉన్న రాతిబొమ్మల్ని కూడా చూడలేదు. నేల చూస్తూ అన్నారు: "యార్డు మూసేస్తారు సిస్టర్. అందులో ముప్ఫై మంది ఉన్నారు. వాళ్లందరికీ మీరు సమాధానం చెప్తారా?"

నేను పోయి దూరంగా ఒక బెంచీ మీద కూర్చున్నాను. మెయిల్ డాక్టరుకి పంపడానికి అంతా రాసిపెట్టుకున్నాను. "కటింగ్ పని వెంటనే ఆపించండి" అని ఒక్క వాక్యం. నొక్కడమే మిగిలింది. నొక్కలేకపోయాను. ఆయన అన్న ముప్ఫై మందీ ఒక్కొక్కరే కళ్ల ముందు నిలబడ్డారు. పోయినసారి ఇంకో సైట్ మూతపడినప్పుడు మూడు నెలలు పని లేక క్యాంపులో మంచాల మీద కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

చివరికి అతనికే ఫోన్ చేశాను. చాయ్ బ్రేక్ వేళ కాబట్టి ఎత్తాడు. వెనకాల ఇనుము చప్పుడు వినబడుతోంది.

"రిపోర్టొచ్చింది. ఒంట్లోకి పాదరసం ఎక్కింది. ఈరోజు నుంచి ఆ పని చెయ్యొద్దు. నేను కంపెనీకి రాస్తున్నాను."

అతని గొంతు మారిపోయింది.

"అక్కా, గట్లనకు. నీ కాళ్లు మొక్కుత. రాయకు."

"రాయకపోతే ఎలాగయ్యా? చెయ్యి వణకడం దాంతోనే."

"సెయ్యి వణుకుతదని రాస్తే మల్ల ఏ కంపెనీ తీసుకుంటదక్కా నన్ను? దుక్మ్ సైట్ల పని అయిపోయినంక రెండేండ్లు ఇంటికాడ ఖాళీగున్న. గిప్పుడిప్పుడే వీసా దొరికింది. నేనే మెల్లగ పని మార్చమని ఫోర్మన్‌ను అడుగుత. నువ్వు మాత్రం కాయితం రాయకు."

"మిగతా వాళ్ల సంగతి?"

"ఆళ్లు గూడ గదే అంటరు. అడుగు కావాల్నంటే."

వెనకాల ఎవరో పిలిచారు. "వస్తున్న" అని అరిచి, నాతో మళ్లీ, "రాయకక్కా" అని పెట్టేశాడు.

నేను మంచిదాన్ని కాబట్టి పంపానని చెప్పుకోలేను. ఆ ముసలావిడ కోపం తలుచుకుంటే నాకు భయం వేసింది. మా అమ్మ వయసు మనిషి, తనకు మిఠాయి పెట్టిన నర్సును ఇన్నేళ్లు క్షమించలేదు. అతను నన్ను తిట్టుకుంటాడన్నది ఖాయం. ఏ కోపం మొయ్యగలను అని లెక్క వేసుకున్నట్టే వేసుకుని, నొక్కేశాను. డాక్టరుకి, దాంతోపాటు ప్రాజెక్టు వాళ్ల ఆరోగ్య విభాగానికి కూడా. బెంచీ దిగి గడ్డి మీద, మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. దుబాసీ వచ్చి నీళ్ల సీసా ఇచ్చి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

మేనేజరుగారికి నేనే వెళ్లి చెప్పాను. "పంపేశాను సార్" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం భోజనానికి రాలేదు. మర్నాడంతా ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధిచేసే పద్ధతుల గురించి క్లాసు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాం, ఒక్క మాట లేదు. ఆయన ఫోన్ మోగినప్పుడల్లా నేను రాయడం ఆపేదాన్ని. ఆయన బయటికి వెళ్లి మాట్లాడి వచ్చేవారు. వచ్చాక కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండేవారు.

బయలుదేరే రోజు పొద్దున స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాం. ఉన్నట్టుండి అన్నారు:

"నేను ఆ యార్డుకి ఒక్కసారి కూడా వెళ్లలేదమ్మా."

అంతవరకు సిస్టర్ అనేవారు. అమ్మా అనడం అదే మొదలు.

"వాళ్లు ఫొటోలు పంపారు. శుభ్రంగానే ఉన్నాయి. సంతకం పెట్టాను. అలాంటి సంతకాలు రోజుకి ఎన్ని పెడతానో." రైలు వచ్చింది. పెట్టె ఎక్కుతూ, "ఆ ముసలావిడ మాట్లాడినంతసేపూ నేను మెయిల్స్ చూసుకుంటున్నాను, తెలుసా" అన్నారు. నేను ఆయన సూట్‌కేసు పైకి అందించాను.

అల్ హైల్‌లో దిగేసరికి యార్డుకి తాళం పడింది. ఏడుగుర్నీ ఆస్పత్రిలో చూపించారు. మిగతావాళ్లు క్యాంపులో ఖాళీగా కూర్చున్నారు. నేను కారు దిగి క్లినిక్ వైపు నడుస్తుంటే, మెస్ ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లంతా మాటలు ఆపేశారు. రోజూ "అక్కా, తిన్నవా" అనే గొంతుల్లో ఒక్కటీ లేవలేదు. నడుస్తున్నంతసేపూ కాళ్లకింద కంకర చప్పుడే. వెనకనుంచి ఎవరో అన్నారు, నాకు వినబడాలనే:

"జపాన్‌కు పొయ్యి మన పొట్ట మీద కొట్టింది."

రెండు వారాలు క్లినిక్‌కి ఒక్కరూ రాలేదు. జ్వరమొచ్చినా బయట మందులషాపుకి పోయారు. పొద్దున తలుపు తీసి, రిజిస్టర్‌లో తేదీ వేసి, సాయంత్రం ఖాళీ పేజీ మూసేదాన్ని. ఇంటి దగ్గరున్న మా ఆయన ఫోన్‌లో, "నువ్వు చేసింది రైటే" అన్నప్పుడల్లా విసుక్కునేదాన్ని. రైటయితే నాకెందుకు అన్నం దిగట్లేదు?

మెల్లగా ఒక్కొక్క సంగతీ తేలింది. కటింగ్ పనిని, తగిన సామాను ఉన్న వేరేవాళ్లకి అప్పగించారు. యార్డులో మిగతా మనుషుల్ని, మస్కట్‌కి ఐదారు గంటల ప్రయాణంలో ఉన్న దుక్మ్ సైట్‌కి పంపారు. దూరమే, కానీ పని ఉంది. ఏడుగురిలో నలుగురు ఆస్పత్రి పరీక్షలయ్యాక వాళ్లతో వెళ్లారు. ఇద్దరికి క్యాంపులోనే తేలిక పని ఇచ్చారు. అతన్ని మాత్రం ఇంటికి పంపడానికే నిశ్చయించారు. చికిత్స పూర్తిచేయించి, టికెట్ ఇచ్చారు. మంచిగానే పంపారు. కానీ పంపేశారు.

వెళ్లేముందు కాగితాల కోసం క్లినిక్‌కి వచ్చాడు. వేలికి ఉంగరం లేదు, అచ్చు మాత్రం ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆస్పత్రి రిపోర్టుల నకళ్లన్నీ ఒక కవర్లో పెట్టి, జగిత్యాలలో ఏ డాక్టరుకి ఏం చూపించాలో తెలుగులో రాసి ఇచ్చాను. చదువుకున్నాడు.

"అందరు నువ్వు మంచి పనే జేసినవంటున్నరు" అన్నాడు. "డాక్టరు గూడ అన్నడు, ఇంకొన్ని నెలలు జేస్తే మనిషివి గాకుంట పోతుంటివి అని. నాకు ఎరుకైంది. అయినా నీ మీద కోపమే ఉందక్కా. అబద్ధమెందుకు ఆడాలె."

"ఉండనీ" అన్నాను. "మందులు మాత్రం ఆపకు."

కవరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సంవత్సరం చివర్లో నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. మేనేజరుగారు అప్పటికే రాజీనామా చేసి వెళ్లిపోయారు. వెళ్లేముందు అజైబాలో తనకు తెలిసిన ఒక ప్రైవేటు క్లినిక్‌లో నా గురించి చెప్పి వెళ్లారని, అక్కడ చేరాకగానీ తెలియలేదు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. ఇక్కడ దగ్గులు, షుగర్లు, పిల్లల టీకాలు. పని చేసేవాళ్లు వస్తే మాత్రం, ఏం పని, దేనితో, ఎక్కడ అని అడుగుతాను. కొందరు చిరాకుపడతారు.

పోయిన నెల ఒక ఇండియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను.

"బాగున్నవా అక్కా?"

"బాగున్నానయ్యా. చెయ్యి ఎలా ఉంది?"

"మంచిగైంది. చిన్న పనులకు ఇంక జర వణుకుతది. ట్రాక్టరు నడుపుతున్న." కాస్త ఆగాడు. "చిగుళ్లు గూడ మంచిగైనయి. మా ఇంటామె నీకు ఫోన్ జెయ్యమని వారం సంది ఒకటే పోరు."

ఇద్దరం వర్షాల గురించి మాట్లాడుకున్నాం. పిల్లల గురించి అడిగాను. కోపం సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెట్టేసేముందు అసలు మాట చెప్పాడు.

"అక్కా, అక్కడ డ్రైవర్ పని ఏమన్న ఉంటే చెప్పు. కటింగ్ పని కాదు. ఇనుము జోలికే పోను."

అడిగి చెప్తానన్నాను. మా క్లినిక్‌కి మందులు తెచ్చే డెలివరీ కంపెనీలో అడిగాను కూడా. ఒమాన్ లైసెన్సు ఉండాలన్నారు. అతనికి లేదు. ఇంకో ఇద్దరిని అడగాలి.